వాంతి కారు నాకు, వీడియో బావకు

ఈ వారం ఉత్తరం నల్లగొండ నుంచి వచ్చింది. రాసిన అబ్బాయికి 26 ఏళ్లు. పేరు వేయొద్దన్నాడు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి హైదరాబాద్‌లో ఒక కార్ డీటెయిలింగ్ షాపులో, అంటే కార్లను లోపలా బయటా కడిగి మెరుగుపెట్టే చోట, రెండేళ్లు పని నేర్చుకున్నాడు. ఏడాదిన్నర కింద అక్క భర్తతో కలిసి ఊరి చివర, నార్కట్‌పల్లి రోడ్డు వైపు సొంతంగా షాపు తెరిచాడు. బత్తాయి తోట మీద వచ్చిన డబ్బుల్లో అమ్మ ఇచ్చింది కొంత, తను దాచుకుంది కొంత, మొత్తం 3 లక్షలు పెట్టాడు. ఇంకో 4 లక్షలు బావ పెట్టాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. "ఇంట్లోవాళ్లమే గదా" అనుకున్నారు.

మొదట్లో పనికి ఇద్దరు కుర్రాళ్లు ఉండేవారు. దసరా తర్వాత ఇద్దరూ మానేశారు. అప్పటి నుంచి కారు లోపలి పనంతా ఇతని మీద పడింది. సీటు పట్టాల్లో ఇరుక్కున్న చిప్స్ ముక్కలు, తివాచీలో గుచ్చుకున్న కుక్క వెంట్రుకలు, అద్దాల లోపలి జిడ్డు, తలుపు సందుల్లో గ్రీజు, చక్రాలకు పట్టిన నల్ల పొడి, అన్నీ ఇతనివే. పాలిషింగ్ మెషిన్, పెయింట్ మీద వేసే సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పొర, కస్టమర్‌తో మాటలు, డబ్బు తీసుకోవడం బావవి. మెరిసే బానెట్‌తో ఇన్‌స్టాగ్రామ్ వీడియో కూడా బావదే. అందులో ఇతను ఎక్కడా కనపడడు.

పోయిన నెల శ్రీశైలం వెళ్లొచ్చిన ఏడు సీట్ల బండి ఒకటి వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు వెనక సీట్లో వాంతి చేసుకున్నారు. ఇంటివాళ్లు రెండు రోజులు ఎండలో నిలబెట్టి, మూడో రోజు తెచ్చిచ్చారు. ఇతను చేయనన్నాడు. "నువ్వు కాకపోతే ఎవడు చేస్తడు? నామోషీ అయితే ఇంట్ల కూసో" అన్నాడు బావ. చివరికి ఇతనే చేశాడు, కానీ ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అక్క కూడా ఫోన్ ఎత్తడం లేదు. ఇదే సమయంలో ఒక పెళ్లి సంబంధం "పిలగాడు కార్లు కడుగుతడంట గదా" అని వెనక్కి పోయింది. ఇప్పుడు అతని ప్రశ్న: హైదరాబాద్ తిరిగి పోవాలా, దుబాయ్ రమ్మంటున్న దోస్తు మాట వినాలా, వేరే షాపు పెట్టుకోవాలా, "లేకుంటే జిందగీ మొత్తం ఇవే కడగాల్నా?"

తమ్ముడూ,

నీ వయసు కుర్రాళ్లకు ఇరవై ఏళ్లకు పైగా ఐటీఐలో మోటార్ మెకానిక్ పాఠాలు చెప్పినవాణ్ణి. అందుకని 'నువ్వు' అనే రాస్తాను, ఏమనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు దేని గురించి ఎన్ని లైన్లు రాశావో లెక్కపెట్టాను. వాంతి గురించి నాలుగు లైన్లున్నాయి. వీడియో గురించి పదిహేను. కంపు కన్నా నిన్ను ఎక్కువ గుచ్చింది ఏమిటో నువ్వే రాసిచ్చావు. అయినా ముందు కంపు సంగతే మాట్లాడదాం, ఎందుకంటే నువ్వు పడుతున్న బాధలో కొంత భాగం పని చేసే పద్ధతి వల్ల వచ్చింది.

ఆ బండిని స్టీమ్ మెషిన్‌తో మొదలుపెట్టానని, ఎంత కొట్టినా వాసన పోలేదని రాశావు. పోదు. వాంతిలో, పాలలో, రక్తంలో ప్రొటీన్ ఉంటుంది. కోడిగుడ్డు వేడికి గట్టిపడ్డట్టే అదీ గట్టిపడి గుడ్డను పట్టుకుంటుంది. ముందు గ్లవ్స్, మాస్క్ వేసుకుని, పనికిరాని ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో ఎత్తగలిగినంత ఎత్తెయ్. రుద్దకు, రుద్దితే ఫోమ్‌లోకి దిగుతుంది. తర్వాత చల్లటి నీళ్లు, ఆ తర్వాత ఆ ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్. ఎంజైమ్ మందు కొట్టి వెంటనే తుడిస్తే డబ్బు దండగ. డబ్బా మీద ఎంతసేపు అని రాసి ఉంటే అంతసేపు తడిగా ఉంచాలి, అదీ నీడలో. ఆ తర్వాతే ఎక్స్‌ట్రాక్టర్‌తో నీళ్లు లాగడం, తలుపులు తెరిచి ఫ్యాన్ పెట్టడం. తడి మిగిలితే రెండు రోజులకు ముక్కిన వాసన మొదలై బండి మళ్లీ నీ దగ్గరికే వస్తుంది. ఇంకో మాట. సీటు బెల్టు చివరిదాకా బయటకు లాగి చూశావా? సీటంతా కడిగినా పోని కంపు చాలాసార్లు ఆ చుట్టలో దాక్కుని ఉంటుంది.

సీటు విప్పాల్సి వచ్చినప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కాసేపు ఆగు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనపడితే అది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు సంబంధించింది. అది ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెట్టిస్తే తప్ప పోదు చాలా బండ్లలో. ఆ ఖర్చు మీదే.

యాదగిరిగుట్టలో పూజ చేయించుకొచ్చిన కొత్త బండి సీటు మీద పసుపు మరక నువ్వు తుడిస్తే ఎర్రగా మారిందని, కస్టమర్ ముందే బావ అరిచాడని రాశావు. అందులో నీ తప్పు లేదు. సబ్బు నీళ్లలో క్షారం ఉంటుంది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిస్తే పారాణి అయినట్టే. కొంచెం పుల్లటి గుణమున్న క్లీనర్ తగిలితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. మిగిలిన ఛాయను ఎండ తీసేస్తుంది, పసుపు రంగు ఎండకు నిలవదు. కస్టమర్‌కు "రెండు రోజులు ఎండలో పెట్టండి సార్" అని ధైర్యంగా చెప్పొచ్చు. ఈ సంగతి బావకు కూడా తెలిసి ఉండదని నా అనుమానం.

అద్దాల లోపలి వైపు ఎంత తుడిచినా గీతలు కనపడే జబ్బుకు పాత చిట్కా ఒకటుంది. లోపల నిలువుగా తుడు, బయట అడ్డంగా తుడు. మిగిలిన గీత ఎటు ఉందో చూస్తే మరక ఏ వైపుదో తెలుస్తుంది, అటూ ఇటూ పదిసార్లు తిరగక్కర్లేదు. ఆ జిడ్డు ఎండకు కాగిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచేది, అందుకే మన ఎండాకాలంలో ఎక్కువ. కుక్క వెంట్రుకలకు వాక్యూమ్ కన్నా ముందు కొంచెం తడిపిన రబ్బరు గ్లవ్. ఒకే వైపు లాగుతుంటే వెంట్రుకలు ఉండ కడతాయి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఉత్తరం చివర్లో నువ్వు మామూలుగా రాసి వదిలేసిన మాట. చక్రాలకు "లేబుల్ లేని క్యాన్‌లో వచ్చే ఆసిడ్" వాడుతున్నామన్నావు, గ్లవ్స్ లేకుండా. చౌకగా దొరికే కొన్ని వీల్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌గానీ, అదే ఫ్లోరైడ్ గుణమున్న అమ్మోనియం బైఫ్లోరైడ్‌గానీ ఉంటుంది. చర్మం మీద పడ్డప్పుడు ఒక్కోసారి వెంటనే మంట కూడా పుట్టదు, గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. అప్పటికి అది లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో మునుగోడు, మర్రిగూడ వైపు చూసిన మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లతో వచ్చినదాన్ని తప్పించుకోవడానికి మన జిల్లా ఎన్నేళ్లు పోరాడింది? నువ్వు కొనుక్కుని మరీ చేతుల మీద పోసుకుంటున్నావు. ఆ క్యాన్ ఈ రోజే పక్కన పెట్టు. మోరీలో పారబోయకు, తెచ్చినవాడికే తిరిగి ఇచ్చెయ్. ఆసిడ్ లేని ఐరన్ రిమూవర్లు ఉన్నాయి, బ్రేక్ పొడిలోని ఇనుము తగిలి ఊదా రంగుకు మారేవి. వాసన ఘోరంగా ఉంటుంది, కుళ్లిన గుడ్డులా. ఖరీదు కూడా ఎక్కువే. అయినా వాటికే పో, వాటికి కూడా గ్లవ్స్ వేసుకో. ఈ ఒక్క విషయంలో మాత్రం నీకు రెండో దారి చూపించను.

ఇక బావ. నీ ఉత్తరం చదివితే ఆయన ఏసీలో కూర్చుని మెషిన్ తిప్పుతున్నట్టుంది. ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడు. కారు మీద పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. పైన రంగు లేకుండా ఉండే క్లియర్‌కోట్ పొర అందులో 40, 50 మైక్రాన్లే, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు. అంచు దగ్గర మెషిన్ ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిస్తే ఆ పొర పోతుంది, ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించివ్వాలి. నీ పనిలో తప్పు జరిగితే మళ్లీ కడగొచ్చు. ఆయన పనిలో మళ్లీ కడగడం లేదు. పైగా పాలిష్ మందు (కాంపౌండ్) నుంచి లేచే పొడి, రోజంతా భుజం నొప్పి, ప్రతి రబ్బరు అంచుకు టేపు అంటించడం, చివరికి సందుల్లో మిగిలిన తెల్ల మరకలు గీకడం. పాలిషర్ పట్టుకున్నవాడికీ ఇష్టం లేని పనులు ఉన్నాయి. కాకపోతే అవి వీడియోలో కనపడవు. నీవీ కనపడవు. ఇద్దరి కష్టం కనపడకపోయినా పేరు మాత్రం ఒకరికే వస్తోంది, తేడా అక్కడుంది.

ఇప్పుడు కొంచెం చేదుగా ఉండే మాట. మానేసిన ఆ ఇద్దరు కుర్రాళ్ల గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం. వాళ్లు ఉన్నన్నాళ్లు వాంతులు, కుక్క వెంట్రుకలు, గుట్కా మరకలు ఎవరు కడిగారు? వాళ్లే. అప్పగించింది ఎవరు? ఆ వీడియోల్లో వాళ్లు ఉన్నారా? వాళ్లు ఎందుకు మానేశారో నువ్వు రాయలేదు, బహుశా అడగలేదు కూడా. బావ నిన్ను పెట్టిన చోట అంతకుముందు నువ్వూ బావా కలిసి వాళ్లను పెట్టారు. మన ఊళ్లలో ఎదుటివాడి మురికి ఎత్తే పని ఎప్పుడూ కిందివాడికే జారుతుంది, ఆ కిందివాడెవడో ముందే రాసిపెట్టి ఉంటుంది. షాపులో కింద ఎవరూ మిగల్లేదు కాబట్టి అది నీ దాకా వచ్చింది. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. రేపు ఇంకో ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుంటే నీ సమస్య తీరినట్టు కనపడుతుంది, వాళ్లు వచ్చే దసరాకు మానేస్తారు, ఈ ఉత్తరం మళ్లీ రాస్తావు.

అందుకే నేను చూసే మొదటి చోటు మీ రేట్ల బోర్డు. లోపలి పనికి ఏ బండికైనా 1,500 అని రాశావు. ఆఫీసుకు వెళ్లొచ్చే ఒక్కడి కారు నీకు రెండు గంటల పని. శ్రీశైలం బండి ఆరు గంటలు తిన్నది, ఆరబెట్టడం వేరే. మొదటిదానికి గంటకు 750 పడింది, రెండోదానికి 250. అందరూ అసహ్యించుకునే పనికే మీ షాపు అందరికన్నా తక్కువ కూలి కడుతోంది. ఎవరికి మాత్రం ఇష్టంగా ఉంటుంది? వాంతి, పాలు, కుక్క వెంట్రుకలు, గుట్కా, ఇవన్నీ బోర్డు మీద వేరే లైన్‌లో, వేరే రేటుతో రావాలి. బండి తీసుకునే ముందే తలుపులు తెరిచి, కస్టమర్‌ను పక్కన నిలబెట్టి చూపించి, ఫోన్‌లో ఫోటో తీసి చెప్పాలి. "నల్లగొండల ఎవడిస్తడు అంత?" అంటాడు బావ. కొందరు ఇవ్వరు, పక్క షాపుకు పోతారు. ఆ బండి పోయినందుకు నువ్వు ఏడవాలా? మొదటి నెల లెక్కలో డబ్బు తగ్గినట్టు కనపడుతుంది, అది బావకు ముందే చెప్పు. ఆ అదనపు రేటులో సగం ఆ రోజు ఆ పని చేసిన మనిషికి పోవాలి, అది నువ్వైనా, బావైనా, రేపొచ్చే కుర్రాడైనా.

దీనితోపాటు వంతులు. సోమవారం పొద్దున వచ్చే బండ్లే మీకు ఘోరమని రాశావు. ఆదివారం శ్రీశైలమో సాగరో పోయి వచ్చినవి, చెరువుగట్టు జాతర నాటివి, పెళ్లిళ్ల సీజన్‌లో పూలు, గ్లిట్టర్, టేపు జిగురుతో వచ్చేవి. ఒక సోమవారం నువ్వు, ఒక సోమవారం బావ. ఆయన వంతు రోజు నువ్వు పాలిషర్ పట్టుకో. బావ ఒప్పుకోకపోవచ్చు, వయసులో పెద్ద, ఇంటి అల్లుడు. నీకు మెషిన్ ఇస్తే పెయింట్ పాడవుతుందనే భయం కూడా ఉండొచ్చు, అది న్యాయమైన భయమే. పాత డెంటింగ్ షెడ్డులో పనికిరాని బానెట్ ఒకటి తెచ్చుకుని దాని మీద చేయి తిప్పుకో.

రెండో దారి నువ్వు అనుకున్నదానికి పూర్తిగా ఎదురు. లోపలి పనినే నీ పనిగా తీసుకోవడం. మంచి ఎక్స్‌ట్రాక్టర్, ఎంజైమ్ మందులు, పద్ధతి, దాని మీద వచ్చే డబ్బు లెక్క వేరే, దాని వీడియోలు నువ్వే తీయడం. కోటింగ్ వేయించుకున్నవాడు ఏడాది, రెండేళ్ల దాకా మళ్లీ రాడు. పిల్లలున్న ఇంటి కారు సీట్లు ఏడాదికి మూడుసార్లు పాడవుతాయి. మురికి సీటు మీద ఎక్స్‌ట్రాక్టర్ నడిచిన చోట తెల్లగా గీత పడే దృశ్యం జనం బానెట్ మెరుపు కన్నా ఎక్కువసేపు చూస్తారని నా ఫోన్ చూస్తే నాకే తెలుస్తోంది. నష్టం కూడా చెప్పాలి. ఒకసారి ఆ పేరు పడితే పాలిషర్ నీ చేతికి రావడం ఇంకా ఆలస్యమవుతుంది, "లోపలి పని వాడిదే" అని ఖాయమైపోతుంది. నీకు ఆ పని నిజంగా పడదు అనుకుంటే ఇటు రాకు.

హైదరాబాద్ తిరిగి పోతే జీతం నెలనెలా వస్తుంది, అక్క ముఖం చూడక్కర్లేదు. కానీ కొత్త షాపులో కొత్తగా చేరినవాడికి మొదట ఇచ్చే పని ఏమిటో నీకు తెలుసు, రెండేళ్లు నువ్వు చేసింది అదే. దుబాయ్ అయితే, నీ దోస్తు చెప్పే ఉద్యోగం కారు కడిగేదే అయితే, ఇదే పని ఇంకా పెద్ద ఎండలో. అక్కడి ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమం పెట్టాల్సి వచ్చింది, ఊహించుకో. పోవాలనే ఉంటే విజిట్ వీసా మీద మాత్రం పోకు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకుని, జీతం, పని ఏమిటో రాసిన కాగితం చేతికొచ్చాకే డబ్బు సంగతి మాట్లాడు.

ఎటు పోయినా 3 లక్షల ముడి ఇక్కడే ఉంది. మీరు ఏమీ రాసుకోలేదు కాబట్టి 1932 నాటి భాగస్వామ్య చట్టమే మీకు ఒప్పందం అనుకో. అందులో, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం, ఎవరెంత పెట్టారన్నదానితో పని లేదు. భాగస్వామి తను చేసిన పనికి వేరే జీతం అడగలేడు కూడా. మొదటి సగం నీకు మేలు, రెండో సగం బావకు కూడా వర్తిస్తుంది. కోర్టుకు పొమ్మని చెప్పడం లేదు. ఇంట్లో పెద్దమనిషి ఎవరినైనా కూర్చోబెట్టి రెండు పేజీలు రాసుకోండి: ఎవరి పెట్టుబడి ఎంత, నెలకు ఎవరెంత తీసుకోవాలి, ఒకరు పోతే మెషిన్లకు ఎట్లా విలువ కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి. ఉంటావో పోతావో తేల్చుకోకముందే ఇది జరగాలి. పోతానని చెప్పిన తర్వాత రాయడానికి కూర్చుంటే బావ పెన్ను కదలదు. రేపే వేరే షాపు అంటే, అదీ నల్లగొండలోనే అంటే, అక్కకూ నీకూ మధ్య ఒక రోడ్డు అడ్డం పడుతుంది. మిర్యాలగూడ, సూర్యాపేట కూడా కార్లున్న ఊళ్లే. మిల్లుల ఊక దుమ్ము పట్టిన కార్లకు మిర్యాలగూడలో కొదవ లేదు, కాకపోతే ఆ దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే పెయింట్ మీద గీతలు పడతాయని కస్టమర్లకు చెప్పే ఓపిక కావాలి. చేతిలో డబ్బు లేకుండా అప్పు మీద అది మొదలుపెట్టకు.

పెళ్లి సంబంధం గురించి ఎక్కువ రాయను. "కార్లు కడుగుతడంట" అన్నవాళ్లకు మీవాళ్లు ఏం చెప్పారో నువ్వు రాయలేదు. షాపులో సగం నాది అని చెప్పడానికి నీ దగ్గర ఒక్క కాగితం కూడా లేదు కదా. ఆ రెండు పేజీలు దానికీ పనికొస్తాయి.

నేనైతే మొదట బోర్డు మారుస్తాను, మూడు నెలలు చూస్తాను. నువ్వు వేరేగా అనుకోవచ్చు, ఆ షాపులో వంగి పనిచేసేది నువ్వు, నేను కాదు. మానేసిన ఇద్దరిలో ఒకడి నంబరైనా నీ దగ్గర ఉండే ఉంటుంది. బావతో కూర్చునే ముందు వాడికి ఫోన్ చేసి, ఎందుకు పోయావురా అని అడుగు. వాడు చెప్పేది రాసుకో.

అక్కకు ఈ లెక్కలతో సంబంధం లేదు. ఫోన్ ఎత్తకపోతే ఇంటికే పో. ఆదివారం మధ్యాహ్నం పోయి అన్నం తిని రా, ఆ పూట షాపు మాట ఎత్తకు.